పాపయ్యకు అందని కార్డు

ఒక పోస్టుకార్డు మనిషి ఉద్యోగం తీసేయగలదా అని ఎవరైనా అడిగితే, తీసేయగలదు, అదీ రాసినవాడిది కాదు, ఏ పాపం ఎరగని ఇంకొకరిది అని నేను చెప్పగలను. ప్రత్యక్ష సాక్షిని నేనే. ముద్దాయినీ నేనే. మూడేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆ వయసులో చేసిన తప్పును కుర్రతనం మీదికి నెట్టే వీలు లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. వింటూ మధ్యలో మీరు నన్ను రెండు మూడుసార్లు తిట్టుకుంటారు. మొహమాటపడకండి.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒక దినపత్రికలో జిల్లా వార్తల డెస్కు మీద పనిచేశాను. మండలాల నుంచి విలేకరులు పంపిన వార్తలు దిద్దడం నా పని. ఎవరైనా ‘ఊరంతా కన్నీరుమున్నీరైంది’ అని రాస్తే వెంటనే ఫోన్ చేసేవాణ్ణి. ఎంతమంది ఏడ్చారు, నువ్వు చూశావా, ఒక్కరి పేరు చెప్పు అని నిలదీసేవాణ్ణి. నా ఫోన్ వస్తే విలేకరులు లేచి నిలబడి మాట్లాడేవారని ప్రతీతి. అది మాత్రం నేను ధ్రువీకరించుకోలేదు.

తర్వాత పత్రికలు బక్కచిక్కాయి. నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో తెలుగు సరిచూసే ఉద్యోగంలో చేరాను. గాజు భవనం, ఆరో అంతస్తు. లోపల ఎవరెవరివో రహస్య పత్రాలు తెరల మీద కదులుతుంటాయి కాబట్టి అక్కడి పద్ధతే వేరు. ఫోన్ లోపలికి రాకూడదు. పెన్ను రాకూడదు. కాగితం ముక్క అసలే రాకూడదు. మంచినీళ్ల సీసా కూడా అవతల ఉన్నది కనబడేంత తేటగా ఉండాలి. జీవితమంతా కాగితాల గుట్టల మధ్య బతికిన నన్ను అందులో కూర్చోబెట్టడం, మిరపకాయ బజ్జీల బండివాణ్ణి తీసుకెళ్లి నగల దుకాణంలో కూర్చోబెట్టినట్టే.

ఆ గుమ్మం దగ్గర స్వరూప ఉండేది. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, సెక్యూరిటీ ఏజెన్సీ పంపగా వచ్చింది. నీలం యూనిఫాం, చేతిలో కూతపెట్టే యంత్రం, బల్ల మీద ప్లాస్టిక్ ట్రే, దాని పక్కన పొడుగాటి రిజిస్టరు. లోపలికి వెళ్లే ప్రతివారూ జేబులు ఖాళీ చేసి, చేతులెత్తి, ముందొకసారి వెనకొకసారి ఆమెకు కనబడాలి. ఏదైనా వస్తువు దొరికితే అది రిజిస్టరులో ఎక్కుతుంది, మన చేతికి ఒక ప్లాస్టిక్ బిళ్ల వస్తుంది. మూడేళ్లు రాత్రి డ్యూటీలు చేసి చేసి, అప్పటికి ఆర్నెల్ల ముందే ఈ పగటి డ్యూటీ సంపాదించుకుంది. ఇల్లు మియాపూర్‌లో, కిరాయికి. కూతురు ఏడో తరగతి. ‘ఇప్పుడు పాప బడి నుంచి వచ్చే యాళ్లకు నేను ఇంట్ల ఉంటున్న సార్’ అని ఒకరోజు చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ సంగతి నవ్వుతూ చెబుతున్నా, నవ్వు సగంలోనే ఆగిపోతుంటుంది.

ఇక కార్డు సంగతి. నాకు పాపయ్య అని ఒక మిత్రుడు. మా పత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. ఇప్పుడు బాచుపల్లిలో ఒక కాలేజీ హాస్టల్‌కు వార్డెన్. నేను గోపన్‌పల్లిలో ఉంటాను. ఇద్దరం ఒకే నగరంలో ఉండి కూడా పోస్టుకార్డులు రాసుకుంటాం. కార్డు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. సాయంత్రం పూట కారులో బయల్దేరినా పెద్ద తేడా ఉండదని పాపయ్య వాదన.

మీకు కార్డు వచ్చి ఎన్నాళ్లయింది? ఒకసారి గుర్తు చేసుకోండి. ఫోన్లో వచ్చే మాటకు బరువుండదు. కార్డు అలా కాదు. చేతిలో పడగానే అవతలి మనిషి ఏ మూడ్‌లో ఉన్నాడో అక్షరాలే చెబుతాయి. పాపయ్యవి ఆవగింజల్లాంటి అక్షరాలు. మొదట వరసలో నడుస్తాయి, చోటు చాలక అంచులెక్కుతాయి, అక్కణ్ణుంచి చిరునామా పక్కకు దూకుతాయి. చదవాలంటే కార్డును ఆటో హ్యాండిల్ తిప్పినట్టు తిప్పుతూ ఉండాలి. తిప్పి తిప్పి చివరి మూలలో ‘మోకాలి నొప్పి తగ్గింది’ అన్న ముక్క దొరికితే ఎంత సంతోషమో చెప్పలేను.

మా అపార్ట్‌మెంట్‌లో పోస్ట్‌మన్ లోపలికి రావాలంటే నేను ఫోన్లో అనుమతి నొక్కాలి. నా ఫోనేమో పగలంతా ఆఫీసు లాకర్లో. అందుకని ఆఫీసు చిరునామాయే ఇచ్చాను. కార్డులు కింద రిసెప్షన్‌లో దిగేవి. అక్కడ మాలతి ఉంటుంది. కార్డుకు కవరు ఉండదు కాబట్టి దాన్ని చదవడం తన బాధ్యత అని ఆమె నమ్మకం. నేను లిఫ్టు దగ్గరికి రాకముందే ‘సార్, మీ ఫ్రెండ్ హాస్టల్లో పప్పు మాడిందట’ అని వార్త చెప్పేది. నాకు కోపం రాలేదు సరికదా, లోలోపల మహదానందం. పేపరు మానేశాక మళ్లీ నాకు పాఠకులు దొరికారు. నేను పంపే కార్డులు కూడా ఆమె బల్ల మీద ట్రేలోనే వేసేవాణ్ణి, ఆమె తప్పకుండా చదివేది, పక్కవాళ్లకు చదివి వినిపించేది. నలుగురు నవ్వితే నేను స్తంభం చాటున నిలబడి విని వెళ్లేవాణ్ణి. నన్ను ముంచింది ఈ సరదాయే.

ఆ మంగళవారం మధ్యాహ్నం కింద క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ కార్డు రాయడానికి కూర్చున్నాను. అంతకుముందు కార్డులో పాపయ్య ఒక కోరిక కోరాడు. నీ గాజు మేడ కబుర్లు రాయి, చప్పగా రాయకు అన్నాడు. నేను మొదట పెట్టిన వాక్యం ఏమిటంటే, ‘ఇక్కడ అంతా బాగానే ఉంది, ఏసీ చల్లగా ఉంటుంది’. చదువుకుంటే నాకే ఆవలింత వచ్చింది. అటువంటి వార్త పంపిన విలేకరిని ఒకప్పుడు నేనే తిట్టేవాణ్ణి. దాన్ని కొట్టేసి, ఇంకో కార్డు తీసి, ఇలా రాశాను:

‘పాపయ్యా, మాది ఆఫీసు కాదు, కోట. చీమ పాకినా కెమెరా చూస్తుంది. గుమ్మం దగ్గర స్వరూప అని ఒక కావలి మనిషి. ఆమె కళ్లెదుటే ఈ కార్డు చొక్కా జేబులో పెట్టుకుని దర్జాగా లోపలికి నడిచాను. నవ్వి నమస్తే కూడా పెట్టింది. ఈ ముక్కలు నా సీట్లో కూర్చునే రాస్తున్నాను. ఈ కోటను నేను రోజూ ఇలాగే జయిస్తున్నాను.’

ఇందులో నమస్తే తప్ప ఒక్క ముక్క నిజం కాదు. కార్డు ఆరో అంతస్తు మొహం చూడలేదు. కానీ చదువుతుంటే ఎంత బాగుందో. కన్నీరుమున్నీరు అని రాసిన విలేకరుల్ని ఇరవై రెండేళ్లు ఉతికి ఆరేసిన మనిషికి, ఆ క్షణంలో ఒక్క అనుమానం కూడా రాలేదు. ట్రేలో వేసి, చేతులు దులుపుకుని పైకి వెళ్లిపోయాను.

మాలతి ఎప్పటిలాగే కార్డు తీసి బిగ్గరగా చదివింది. వింటున్నవాళ్లలో ప్రసాద్ గారు ఉన్నారు.

ప్రసాద్ గారంటే మా భవనం మొత్తానికి సెక్యూరిటీ అధిపతి. కాకినాడ వైపు మనిషి. గొంతు పెంచడం ఎరగరు. ఎదుటివాడిని ఎంత ఇరుకున పెడుతున్నారో ‘అండి’ అంత మెత్తగా పలుకుతారు. గురువారం నాడు పెద్ద కంపెనీవాళ్లెవరో మా అంతస్తు తనిఖీకి వస్తున్నారు. వాళ్ల పాసుల గురించి మాట్లాడటానికి ఆయన సరిగ్గా అప్పుడే రిసెప్షన్‌కు వచ్చారు. మూడింటికి నాకు పిలుపొచ్చింది. వెళ్లేసరికి బల్ల మీద నా కార్డు, దాని పక్కన ఏజెన్సీకి రాయబోయే ఉత్తరం తాలూకు తెల్లకాగితం ఉన్నాయి. కాగితం మీద అప్పటికే స్వరూప పేరు రాసి ఉంది.

‘కూర్చోండి. చాలా చక్కగా రాశారండి,’ అన్నారు.

నేను కూర్చోలేదు. అదంతా సరదాకు రాశాననీ, ఒక్క ముక్క నిజం కాదనీ, కార్డు కింద క్యాంటీన్‌లో రాసిందనీ గబగబా చెప్పాను. సాక్ష్యంగా కార్డు మూల మీద సాంబారు మరక చూపించాను. లోపలికి సాంబారు రానివ్వరు కదా అన్నాను. ఆయన కార్డును వెలుతురులో పెట్టి ఆ మరకను డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూశారు.

‘సాంబారు తర్వాత కూడా పడొచ్చు కదండీ.’

అయితే నేను అబద్ధం రాశానని సంతకం పెట్టి రాసిస్తానన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

‘అబద్ధాలు రాసే అలవాటున్న మనిషి రాసిచ్చిన కాగితాన్ని నేనెలా నమ్మనండి?’

ఇరవై రెండేళ్లలో నన్ను ఎవరూ ఇంత తక్కువ మాటల్లో దిద్దలేదు. అప్పుడు కూర్చున్నాను. ఈ కార్డు నిజమైతే ఏం జరుగుతుందని అడిగాను. ఆయన దాచలేదు. స్వరూపను ఈ గుమ్మం నుంచి తీసేస్తారు. ఏజెన్సీకి వేరే చోట ఖాళీలున్నవి రాత్రి డ్యూటీలే, నగరం అవతలి చివర కడుతున్న భవనాల దగ్గర. ఆ డ్యూటీ చేయలేనంటే ఉద్యోగమే ఉండదు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో కూడా సంతోషం లేదు. ఆమె చాలా జాగ్రత్త గల మనిషి అని నాకు తెలుసండి, కానీ తెలుసు అని నివేదికలో రాస్తే సరిపోదు కదండీ అన్నారు. ఆ వాక్యం నాదే. ప్రతి విలేకరికీ నేను చెప్పిన వాక్యమది.

చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. మర్నాడు పొద్దున నేను నిజంగానే ఒక కార్డు జేబులో పెట్టుకుని గుమ్మం దాటడానికి ప్రయత్నించాలి. స్వరూప పట్టుకుంటే నా కార్డు అబద్ధమని తేలినట్టే, ఉత్తరం చించేస్తారు. పట్టుకోకపోతే ఉత్తరం వెళుతుంది. ఆమెకు ముందే చెప్పకూడదు, సైగ చేయకూడదు, భవనంలోకి అడుగు పెట్టాక ఆ కార్డును నేను చేత్తో ముట్టుకోకూడదు.

‘చెబితే ఏమవుతుంది?’ అన్నాను.

‘చెబితే ఇద్దరివీ రెండు ఉత్తరాలు రాయాలండి. నాకు టైపింగ్ అంత బాగా రాదు.’

పైకి వచ్చేసరికి స్వరూప బల్ల వెనక నిలబడి ఉంది. మాలతి ఆమెకు విషయం సగమే చెప్పినట్టుంది. నేనేదో కార్డు గొడవలో ఇరుక్కున్నానని తెలుసు, అందులో తన పేరుందని తెలియదు.

‘ఏంది సార్, మొఖం గిట్లయింది?’ అని అడిగింది.

ఏం లేదన్నాను.

‘జర నీళ్లు తాగుండ్రి. పరేషాన్ గాకుండ్రి. ఎవలన్న అడిగితే నేను చెప్త, మా సార్ ఎన్నడు ఏం తీస్కపోలేదని.’

ఒక మనిషిని నీళ్లలోకి తోసేసినవాడికి, ఆ మునిగే మనిషే తలెత్తి ‘చెప్పులు తడుస్తయ్, జర దూరం నిలబడుండ్రి’ అంటే ఎలా ఉంటుంది? నాకు అలా ఉంది. సాయంత్రం దాకా నా తెరమీద ఒకే వాక్యం నిలబడి ఉంది. అందులో తప్పు ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాటి దొంగతనానికి నేను చేసిన ఏర్పాట్లు చూస్తే, దొరకాలని ఇంతగా తాపత్రయపడ్డ దొంగ ఇంకొకడు ఉండడని మీరే ఒప్పుకుంటారు. కార్డు పసుపు రంగు కాబట్టి బాగా కనబడాలని ముదురు నీలం చొక్కా వేసుకున్నాను. కార్డును నిలువుగా పెట్టాను. సగం పైకి, గూట్లోంచి పావురం చూసినట్టు చూస్తోంది. మీద పాపయ్య చిరునామా మాత్రం రాశాను, ఖాళీ కార్డు అయితే పట్టుకునేవాళ్లకు గౌరవంగా ఉండదని. షేర్ ఆటోలో పక్కాయన ఆ చిరునామా మొత్తం చదివి, బాచుపల్లిలో ఎక్కడండీ అని అడిగాడు. నా మనసు కుదుటపడింది. ఆటోలో కనబడింది గుమ్మం దగ్గర కనబడదా అనుకున్నాను.

లిఫ్టులో నా పక్కన ఒక అమ్మాయి నిలబడింది. ఎవరో తెలియదు, చెవుల్లో పాటలు. నాలుగో అంతస్తు దగ్గర నా జేబు వైపు చూసి, ‘సార్, పడిపోయేలా ఉంది’ అని రెండు వేళ్లతో కార్డును కిందికి నొక్కింది. అది ఎంతో వినయంగా జేబు అడుగుకు దిగిపోయింది. మిగిలిన కొసమీద నా మెడలో వేలాడే గుర్తింపు కార్డు వచ్చి తలుపు వేసినట్టు పడింది. అంతలో అయిదో అంతస్తు దగ్గర ఆ అమ్మాయి దిగిపోయింది. నేను చేత్తో ముట్టుకోవడానికి వీల్లేదు. లిఫ్టులో కెమెరా ఉంది. నోటితో తీయడానికి మెడ వంచి చూశాను. గడ్డం జేబుదాకా అందింది, పళ్లు అందలేదు. అదే అవస్థలో ఉండగా ఆరో అంతస్తు తలుపులు తెరుచుకున్నాయి. బయట పదిహేను మంది వరుసలో నిలబడి నన్ను చూశారు.

వరుస ఒక్కొక్కరుగా కదులుతోంది. తాళాలు, ఫోన్లు లాకర్లలోకి వెళుతున్నాయి. నా ముందు ఆరుగురు. తర్వాత నలుగురు. ఒకడి జేబులో బస్సు టికెట్ ముక్క ఉంటే స్వరూప దాన్ని కూడా తీసి ట్రేలో వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. బస్సు టికెట్ పట్టుకున్న మనిషి పోస్టుకార్డు పట్టుకోదా? అంతలోనే ఇంకో భయం. నిన్న ఆమె నా తరఫున సాక్ష్యం చెబుతానంది. నా మీద అంత నమ్మకం ఉన్న మనిషి నా జేబు సరిగ్గా చూస్తుందా? మంచి పేరు ఉన్నందుకు మనిషి బాధపడే రోజు ఒకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నా వంతు వచ్చింది. ‘చేతులు లేపుండ్రి సార్’ అంది. లేపాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను, చిన్నప్పుడు సూది వేయించుకునేటప్పుడు మూసుకున్నట్టు. యంత్రం ఛాతీ మీదుగా పోయింది. కార్డులో ఇనుము ఉండదు కదా, కూతపెట్టలేదు. వెనక్కి తిరగమంది. తిరిగాను. భుజాల వెనక ఏదో కదిలినట్టనిపించింది.

‘అయింది. పోండ్రి సార్.’

కళ్లు తెరిచాను. ఆమె అప్పటికే నా వెనకవాడి వైపు చూస్తోంది. అయిపోయింది. పాప బడి నుంచి ఇంటికి వచ్చేసరికి తాళం వేసి ఉండే ఇల్లు నా కళ్ల ముందు కనబడింది. ఎలాగో నడిచి నా సీట్లో పడ్డాను. అయిదు నిమిషాలు కూర్చున్నాను. ప్రసాద్ గారి ఉత్తరం ఈపాటికి ఎన్నో వాక్యంలో ఉంటుందా అని లెక్కపెట్టాను. ఇక కూర్చోలేకపోయాను. లేచి గుమ్మం దగ్గరికి నడిచాను. నడిచానని రాస్తున్నాను గానీ, చూసినవాళ్లు పరుగెత్తానంటారు.

‘స్వరూపమ్మా, నా జేబుల కార్డుంది. నువ్వు చూడలే. మళ్లొకసారి చెక్ చెయ్యి,’ అన్నాను.

ఆమె చుట్టూ చూసి, మెల్లగా మాట్లాడమని చేత్తో సైగ చేసింది. నాకు అదేం తలకెక్కలేదు. ఆమె ఊరుకోమన్నకొద్దీ నా గొంతు పెరిగింది. కార్డుంది, నువ్వు వదిలేసినవ్, ఇప్పుడన్న పట్టుకో అని మూడుసార్లన్నాను. వరుసలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. అంతలో నా వెనక నుంచి ఒక మెత్తటి గొంతు వినబడింది.

‘అంటే పట్టుకోలేదన్నమాటండి.’

ప్రసాద్ గారు. ఆయన చేతిలో మడతపెట్టిన కాగితం. కెమెరా నా వీపు వైపు ఉందట, ఏమీ సరిగ్గా కనబడక, ఏం జరిగిందో అడుగుదామని స్వయంగా వచ్చారు. ఆయన అడగాల్సిన అవసరం లేకుండా నేనే పదిహేను మంది సాక్షుల ముందు చాటింపు వేసి పెట్టాను. ఆమెను కాపాడటానికి వచ్చినవాణ్ణి, ఆమె పని పూర్తి చేశాను. అదేం కాదు సార్ అనబోయి ఆగాను. ఈయన దగ్గర నా మాటకు ఇక విలువేముంది?

స్వరూప ఒక్కతే తొణకలేదు. రిజిస్టరు తిప్పి ఆయన వైపు పెట్టింది.

‘ఎందుకు పట్టుకోలే సార్. గిదో, రాసిన.’

తొమ్మిది గంటల ఏడు నిమిషాలు. నా పేరు. వస్తువు: పోస్టు కార్డు ఒకటి, పెన్సిల్ ముక్క ఒకటి. బిళ్ల నంబరు పద్నాలుగు. ఆమె బల్ల సొరుగు లాగింది. నా పసుపు కార్డు, పాపయ్య చిరునామాతో సహా, అక్కడ హాయిగా పడుకుని ఉంది. నేను జేబులో చెయ్యి పెట్టాను. చేతికి తగిలింది గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల.

ఎవరికీ తెలియకుండా ఎందుకు తీశారని ప్రసాద్ గారు అడిగారు. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది.

‘ఎనక పదిహేను మంది నిలవడ్డరు సార్. అందరి ముంగట జేబుల నుంచి గుంజితే పెద్దమనిషి ఇజ్జత్ ఏం గావాలె? దొరికిన వస్తువ రిజిస్టర్ల ఎక్కుతె సాలు. మనిషి ఎక్కుడు ఎందుకు? నేను ఎవలకైన గట్లనే చేస్త.’ తర్వాత ఇంకో మాట కలిపింది. ‘అయినా లిఫ్టు కాడ్నుంచి మెడ వంచి జేబు కొరుక్కుంట వచ్చిండు. గంత దొంగతనం చేతగాని మనిషిని నేను ఇంతవరకు చూడలే.’

వరుసలో ఎవరో దగ్గారు. ప్రసాద్ గారు రిజిస్టరులో ఆ వరుసను మళ్లీ చదివి, పెన్సిల్ ఎక్కడ దొరికిందని అడిగారు. చెవి మీద అంది. నేను చెవి తడుముకున్నాను. డెస్కు మీద ఉన్నప్పటి అలవాటు, ఎప్పుడు పెట్టుకుంటానో నాకే తెలియదు. ఆమె వెనక పేజీలు తిప్పింది. పెన్సిల్ ముక్క, పెన్సిల్ ముక్క, పెన్సిల్ ముక్క. మొత్తం పదకొండు. పెన్సిల్ ముక్క ఒక్కటే అయితే బిళ్ల ఇవ్వరట. తీసేటప్పుడు నాకు తెలియలేదు, పోయేటప్పుడు నేను అడగలేదు. నేనేమో క్యాంటీన్‌లో ఎవరో నా పెన్సిళ్లు కాజేస్తున్నారని నాలుగు నెలలుగా అక్కడి వంటాయన్ని అనుమానంగా చూస్తున్నాను.

ప్రసాద్ గారు చేతిలోని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి అక్కడి చెత్తబుట్టలో వేశారు. ఆ చప్పుడు ఎంత తియ్యగా ఉందో రాయాలంటే మళ్లీ అతిశయోక్తి అవుతుంది. తర్వాత నాతో అన్నారు:

‘మీరు ఈవిడ గురించి ఒకసారి రాశారు, ఒకసారి అరిచారు. రెండూ తప్పేనండి.’

గురువారం తనిఖీ జరిగింది. స్వరూప తన బల్ల దగ్గరే ఉంది, ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ ఆమె నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. మాలతి మిగిలిన సగం కూడా చెప్పేసింది. ఆ బుధవారం మధ్యాహ్నమే స్వరూప సొరుగులోని నా పసుపు కార్డు తెచ్చి క్యాంటీన్ బల్ల మీద పెట్టి, నా పేరు పెట్టి అబద్ధం రాసిండ్రు గదా, గదే పేరు పెట్టి నిజం రాయుండ్రి అంది. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. నిలబడి ఎదురుచూసింది, అంతే. పత్రికవాడికి ప్రాణం పోయినంత పని సవరణ వేయడం. ఇరవై రెండేళ్లలో నేను వేసింది తక్కువ. ఆ రోజు రాసింది ఇది:

‘సవరణ. ఆరో అంతస్తు గుమ్మం గురించి మేము రాసిన వార్తలో కొన్ని పొరపాట్లు దొర్లాయి. కార్డు లోపలికి పోలేదు. సీట్లో కూర్చుని రాయలేదు. కోటను ఎవరూ జయించలేదు. చింతిస్తున్నాం.’

ఆమె రెండుసార్లు చదివింది. పెన్సిల్ అడిగి తీసుకుని కింద గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం తనే రాసింది: ‘నమస్తే పెట్టింది మాత్రం నిజమే. ఇట్లు, స్వరూప.’

వారం తర్వాత పాపయ్య జవాబు వచ్చింది. నా మొదటి కార్డు ప్రసాద్ గారి బీరువాలోనే ఉండిపోయిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. మాలతి రిసెప్షన్‌లో నిలబడి అందరికీ వినబడేలా చదివింది. ‘సవరణ అందింది. వార్త అందలేదు. ఇన్నేళ్లు ప్రూఫులు దిద్దాను గానీ, వార్త లేకుండా సవరణ రావడం ఇదే మొదలు. మొత్తం కార్డులో నమ్మబుద్ధేసిన వాక్యం ఆఖరిది ఒక్కటే. ఇకమీదట ఆమెనే రాయమను. నువ్వు విశ్రాంతి తీసుకో.’

ఆ తర్వాతి కార్డు నా పేరు మీద రాలేదు. ‘స్వరూప గారికి, ఆరో అంతస్తు గుమ్మం’ అని వచ్చింది. ఆమె దాన్ని యూనిఫాంకు చేతులు తుడుచుకుని తీసుకుంది. ఇంతవరకు తన పేరు మీద వచ్చినవన్నీ ఏజెన్సీ కాగితాలేనట. ఆవగింజ అక్షరాలు చదవడానికి కార్డును తిప్పుతూ, తిప్పుతూ, వరుసలో జనం ఆగిపోయినా చూసుకోకుండా చివరి మూల దాకా చదివింది. జవాబులు ఇప్పుడు వాళ్ల పాప చేత కూడా నాలుగు ముక్కలు రాయించి పంపుతోంది. నా వంతు కార్డు నెలకొకటి వస్తే గొప్ప. నా మొదటి కార్డును మాత్రం ప్రసాద్ గారు కొత్త గార్డుల శిక్షణలో చదివి వినిపిస్తున్నారట. నేను రాసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువమంది విన్నది అదే. విన్నవాళ్లంతా అది అబద్ధమని ముందే తెలుసుకుని వింటారు.

కాబట్టి, పదకొండు పెన్సిల్ ముక్కల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకపై ఏ పోస్టుకార్డు మీదా, ఏ మనిషి పేరు పెట్టీ, ఆ మనిషిని అడగకుండా ఒక్క అక్షరం రాయను. ఏ కోటనూ జయించను. మిత్రుడు ఎంత బతిమాలినా చప్పగానే రాస్తాను. ఈ ప్రమాణాన్ని తెల్లకాగితం మీద రాసి, మొన్న ఇంటికి పోతూ స్వరూపకు చూపించాను. ఆమె శ్రద్ధగా చదివి, మడిచి తిరిగి నా చేతికిచ్చి, నెమ్మదిగా అడిగింది.

‘మంచిగున్నది సార్. ఎన్ని దినాలకు?’